మండల విలేకరుల కెరీర్ మీద పరిశోధన: అంశం ఎంపిక నుంచి థీసిస్ దాకా

జర్నలిజం ఎంఏ డిసర్టేషన్, పీహెచ్‌డీ చేసేవాళ్ల దగ్గర నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటే: "మీడియా ఉద్యోగాల మీద చేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే గూగుల్ ఫామ్ తయారు చేసేసి ఉంటారు. అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. ఫామ్ ఐదో అడుగు. దానికి ముందు చేయాల్సినవి నాలుగు ఉన్నాయి.

ఉదాహరణగా రెండు తెలుగు రాష్ట్రాల్లోని దినపత్రికల మండల విలేకరులను తీసుకుందాం. డెస్క్ (ఆఫీసులో వార్తలు దిద్దే విభాగం), టీవీ, ప్రకటనల రంగం మీద చేసేవాళ్లకూ వరుస ఇదే. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

1. అంశాన్ని వాక్యంగా కుదించండి

"తెలుగు జర్నలిస్టుల సమస్యలు" పరిశోధనాంశం కాదు, సదస్సు పేరు. మీ అంశంలో నాలుగు ఉండాలి: ఎవరు, ఎక్కడ, ఏ కాలంలో, ఏ మార్పు.

పనికొచ్చే రూపం ఇలా ఉంటుంది: "2008–2018 మధ్య ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో దినపత్రికలకు మండల విలేకరులుగా చేరినవాళ్లలో ఎంతమంది స్టాఫ్ అయ్యారు, ఎంతమంది వృత్తి వదిలారు, ఏ దశలో, ఎందుకు?"

ఇందులో కీలకం "చేరినవాళ్లు" అన్న మాట. "పనిచేస్తున్నవాళ్లు" అని రాశారంటే మానేసినవాళ్లు మొదటి రోజే జారిపోతారు. మిగిలేది నిలబడ్డవాళ్ల మాటే. వాళ్లను అడిగితే ఈ వృత్తిలో నిలబడటం సాధ్యమేనన్న జవాబు తప్ప మరొకటి రాదు. మీడియా కెరీర్ల మీద వచ్చే పరిశోధనల్లో ఎక్కువ భాగం చిక్కుకునే గుంత ఇదే. కింద చెప్పే ప్రతి అడుగూ దీన్ని తప్పించుకోవడానికే.

గైడ్ దగ్గరకు వెళ్లేముందు చూసుకోండి:

- అంశం ఒక్క వాక్యంలో ఇమిడిందా?
- కాలానికి మొదలు, చివర ఉన్నాయా?
- చేరిన తర్వాత కనీసం ఐదారేళ్లు గడిచినవాళ్లనే తీసుకున్నారా? నిన్న మొన్న చేరినవాళ్లకు చెప్పేంత కెరీర్ ఉండదు.
- జిల్లా అంటే ఏ జిల్లా? తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26. పాత హద్దులా, కొత్త హద్దులా అన్నది ముందే తేల్చి రాసుకోవాలి.

2. "విలేకరి" ఎవరో హద్దు గీయండి

ఒకే మనిషిని పత్రికవాళ్లు కంట్రిబ్యూటర్ అంటారు, యూనియన్‌వాళ్లు జర్నలిస్టు అంటారు, ఊరివాళ్లు "పేపరాయన" అంటారు. మీరు ఎవరి లెక్క ప్రకారం పోతున్నారో మొదటి అధ్యాయంలోనే చెప్పాలి.

చట్టంలోని నిర్వచనాన్ని యథాతథంగా తీసుకోకండి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం జర్నలిజమే ప్రధాన వ్యాపకంగా ఉండి, పూర్తికాలమో పార్ట్‌టైమో పత్రికలో ఉద్యోగిగా ఉండాల్సి వచ్చేది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియానూ కలిపారు గానీ "ప్రధాన వ్యాపకం", "ఉద్యోగి" అన్న షరతులు అలాగే ఉన్నాయి. మండల విలేకరుల్లో ఎల్ఐసీ ఏజెంట్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు, జిరాక్స్ సెంటర్ల యజమానులు, రైతులు ఉంటారు. చాలామందికి నియామక పత్రమే ఉండదు. చట్టం గీటుతో కొలిస్తే మీరు చదవాలనుకున్న మనుషుల్లో చాలామంది బయటే ఉండిపోతారు.

పని ఆధారంగా నిర్వచించుకోండి: "ఒక దినపత్రికకు ఒక మండలం వార్తలు కనీసం ఆరు నెలలు వరుసగా పంపిన వ్యక్తి." తర్వాత స్థితులకు కోడ్ ఇవ్వండి. ఇవి సరిపోతాయి:

- 1: కంట్రిబ్యూటర్, అచ్చయిన వార్త కొలత లెక్కన డబ్బు
- 2: కంట్రిబ్యూటర్, నెలకు ఇంత అని గౌరవ వేతనం
- 3: స్టాఫ్ రిపోర్టర్ లేదా డెస్క్‌లో సబ్ ఎడిటర్
- 4: టీవీ లేదా కేబుల్ రిపోర్టర్
- 5: సొంత పత్రిక, యూట్యూబ్ చానల్
- 6: పీఆర్, రాజకీయ నాయకుల మీడియా పని
- 7: మీడియా బయట
- 8: పని లేని కాలం

ఆరో కోడ్‌ను ఏడులో కలిపేయకండి. వార్తలు రాయడం మాని నాయకుడి సోషల్ మీడియా చూసుకోవడం వృత్తిని వదలడమా, వృత్తిలోనే మలుపా అన్నది మీ విశ్లేషణలో తేలాల్సిన విషయం. కోడ్ ఇచ్చేటప్పుడే తేల్చేస్తే తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

3. ముందువాళ్లు చేసింది చదవండి, ముఖ్యంగా పద్ధతి అధ్యాయం

దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో వెతికేటప్పుడు తెలుగు మాటలతో ఆగకండి. తెలుగు పత్రికల మీద వచ్చిన థీసిస్‌లలో చాలావాటికి శీర్షికలు ఇంగ్లీషులోనే ఉంటాయి. "స్ట్రింగర్", "రూరల్ రిపోర్టర్", "వర్కింగ్ జర్నలిస్ట్", "జాబ్ శాటిస్‌ఫాక్షన్" మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, తర్వాత జిల్లా పేరు, విశ్వవిద్యాలయం పేరు చేర్చి మళ్లీ వెతకండి.

ప్రతి థీసిస్‌కూ ఒక వరుస రాసుకోండి: ఎవరిని అడిగారు, జాబితా ఎక్కడిది, ఎంతమంది, మానేసినవాళ్లు ఉన్నారా, ప్రశ్నావళి ఏ భాషలో. పదిహేను వరుసలు నిండేసరికి మీ పరిశోధన పూడ్చాల్సిన ఖాళీ ఎక్కడుందో కనబడుతుంది.

జర్నలిస్టుల మీద జరిగే అంతర్జాతీయ సర్వే వరల్డ్స్ ఆఫ్ జర్నలిజం స్టడీ ప్రశ్నావళి బయట దొరుకుతుంది. రెండో విడతలో 67 దేశాల్లో 27,500 మందికి పైగా జర్నలిస్టులను అడిగారు. వృత్తి స్వేచ్ఛ, జర్నలిస్టు పాత్ర మీది ప్రశ్నలు అందులోంచి తీసుకుంటే మీ ఫలితాలను వేరే దేశాలతో పోల్చవచ్చు. ఆదాయం ప్రశ్నలు మాత్రం తీసుకోకండి. మన మండల విలేకరి ఆదాయం ఆ గళ్లలో ఇమడదు.

ప్రభుత్వ లెక్కలతో జాగ్రత్త. కేంద్రం చేసే ఉపాధి సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో వృత్తులకు మూడంకెల కోడ్ ఉంటుంది. 264 కింద రచయితలు, జర్నలిస్టులు, భాషా నిపుణులు అందరూ వస్తారు. పత్రికల ప్రచురణకు ఉన్న పరిశ్రమ కోడ్ 5813తో కలిపి చూస్తే కొంత విడదీయవచ్చు. అయినా ఒక్క రాష్ట్రానికి దొరికే మనుషులు చాలా కొద్దిమందే. దాంతో శాతాలు కట్టి అధ్యాయం రాయకండి, నేపథ్యంగా ఒక పేరాలో చెప్పి వదిలేయండి. పత్రికా ఉద్యోగుల జీతాల మీద వేసిన మజీథియా వేతన బోర్డు స్కేళ్లూ అంతే. 2011 నవంబరులో నోటిఫై అయ్యాయి, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అది కాగితం మీది జీతం. చేతికొచ్చేది ఎంతో మీరే అడిగి తెలుసుకోవాలి.

4. జాబితా తయారు చేయండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పీహెచ్‌డీ అయితే మూడు నెలలు కేటాయించినా ఎక్కువ కాదు. ఒక్కచోట పూర్తి జాబితా దొరకదు. పత్రికల యాజమాన్యాలు ఇవ్వవు, ఇచ్చినా ఇప్పుడున్నవాళ్లదే ఇస్తాయి. అందుకని నాలుగైదు జాబితాలు కలపాలి:

- సమాచార, పౌరసంబంధాల శాఖ జిల్లా కార్యాలయంలోని అక్రిడిటేషన్ (విలేకరులకు ప్రభుత్వ గుర్తింపు) జాబితాలు. పాత సంవత్సరాలవి అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పేరు, పత్రిక, మండలం, సంవత్సరం చాలని రాయండి. ఫోన్ నంబర్లు, చిరునామాలు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు.
- యూనియన్లు, ప్రెస్ క్లబ్బుల సభ్యత్వ పుస్తకాలు, పాత మీడియా డైరీలు.
- యూనివర్సిటీ జర్నలిజం విభాగాల, పత్రికల సొంత జర్నలిజం స్కూళ్ల పాత బ్యాచ్‌ల వివరాలు. మండల విలేకరుల్లో వీళ్లు తక్కువ, డెస్క్ మీద చేసేవాళ్లకు ఎక్కువ ఉపయోగం.
- మండలంలో ఇద్దరు ముగ్గురు పాతకాపులు. "2010 ప్రాంతంలో ఏ పేపరు ఎవరు చూసేవారు?" అని అడిగితే పేర్లు వరసగా చెబుతారు. అక్రిడిటేషన్ దొరకనివాళ్లు, చిన్న పత్రికలవాళ్లు బయటపడేది ఇక్కడే.

అన్నీ ఒకే షీట్‌లో వేసి, ఒకే మనిషి రెండుసార్లు పడకుండా చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. అక్రిడిటేషన్‌లో అసలు పేరు, ఊళ్లో పిలుపు పేరు వేరు. పేరు, మండలం, పత్రిక మూడూ కలిస్తేనే ఒక మనిషిగా లెక్కించండి. వార్తల కింద పేర్లు చూసి జాబితా కడదామనుకుంటే కుదరదు. మండల వార్తలకు బైలైన్ (రాసినవాళ్ల పేరు) అరుదు, "న్యూస్‌టుడే", "విలేకరి" అని ఉంటుంది.

ఎంతమందిని అడగాలి?

కలిపిన జాబితాలో 600 మంది తేలారనుకోండి. 95 శాతం నమ్మకం, 5 శాతం అటూ ఇటూ తేడాతో అయితే మామూలు సూత్రం 385 చెబుతుంది. జాబితా చిన్నది కాబట్టి సవరిస్తే 385 ÷ (1 + 384/600), అంటే 235. పదిమందిలో ఆరుగురు జవాబిస్తారనుకుంటే 392 మందిని సంప్రదించాలి.

ఆ 600లో 350 మంది ఇంకా వృత్తిలో ఉండి, 250 మంది మానేసి ఉంటే, 235ను అదే నిష్పత్తిలో పంచండి: 137, 98. మానేసినవాళ్ల ఫోన్ నంబర్లు మారిపోయి ఉంటాయి, వాళ్ల 98 నిండటం ఆలస్యమవుతుంది. నిండలేదని ఉన్నవాళ్లతో నింపేయకండి. ఎంత ప్రయత్నించారో, ఎంతమంది దొరకలేదో రాయండి, పరీక్షకులు దాన్ని తప్పు పట్టరు.

వాట్సాప్ గ్రూపుల్లో ఫామ్ వేసి వచ్చిన జవాబులకు ఈ సూత్రం వర్తించదు. అవి యాదృచ్ఛిక నమూనా కాదు. అలా చేసి "95 శాతం నమ్మకం" అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

5. కెరీర్ క్యాలెండర్ గీయండి, తర్వాత ప్రశ్నావళి

"మీకు ఎన్నేళ్ల అనుభవం?" అన్న ప్రశ్నకు అందరూ గుండుగుత్తగా పదేళ్లు, ఇరవయ్యేళ్లు అంటారు. మధ్యలో మానేసిన రెండేళ్లు అందులో మాయం. దీనికి విరుగుడు క్యాలెండర్.

ఒక ఏ3 కాగితం అడ్డంగా పెట్టండి. పైన 2008 నుంచి ఇప్పటిదాకా ఏళ్లు, ఒక్కో ఏడాదిని రెండు అర్ధభాగాలు చేయండి. కింద ఐదు వరుసలు: పత్రిక పని, మీడియాలో వేరే పని, మీడియా బయటి పని, కుటుంబం, నివాసం. మొదటి మూడింట్లో పై స్థితి కోడ్‌లు వేస్తారు.

తేదీలు గుర్తు చేయడానికి అందరికీ తెలిసిన సంఘటనలు పైన ముందే రాసి ఉంచండి: 2008 మార్చిలో సాక్షి రావడం, 2009 సెప్టెంబరులో వైఎస్ మరణం, 2011 జూన్‌లో నమస్తే తెలంగాణ రావడం, 2014 జూన్ రాష్ట్ర విభజన, 2015 గోదావరి పుష్కరాలు, 2016 నవంబరు నోట్ల రద్దు, 2020 మార్చి లాక్‌డౌన్. ఉత్తరాంధ్రలో చేస్తే 2014 అక్టోబరు హుద్‌హుద్ చేర్చండి. "ఆ పేపరు మానేసింది నోట్ల రద్దుకు ముందా, తర్వాతా?" అంటే జవాబు టక్కున వస్తుంది. ఏ సంవత్సరమంటే తడుముకుంటారు.

ఆదాయాన్ని ఒక్క ప్రశ్నతో అడిగితే దొరకదు. ఐదుగా విడగొట్టండి:

- అచ్చయిన వార్త కొలతను బట్టి, లేదా నెలకు పత్రిక ఇచ్చేది
- ప్రకటనల మీద కమీషన్
- ఇంట్లోవాళ్ల పేరు మీదున్న పత్రిక ఏజెన్సీ
- వేరే వృత్తి
- సొంత ఖర్చు: పెట్రోలు, ఫోన్, ఫొటోలు

"నెలకు సగటున" అనకుండా "గత నెల చేతికి వచ్చింది" అని అడగండి. ప్రకటనల కమీషన్‌కు మాత్రం గత ఏడాది మొత్తం అడగాలి, ఎందుకంటే అది ఆగస్టు 15, జనవరి 26, ఉగాది, నాయకుల పుట్టినరోజుల చుట్టూ వస్తుంది. పత్రిక తెమ్మనే ప్రకటనల లక్ష్యం (యాడ్ టార్గెట్) ఎంత, చేరకపోతే ఏమవుతుందన్నది విడి ప్రశ్న.

ముడుపుల గురించి "మీరు తీసుకుంటారా?" అని అడగకండి. నిజం రాదు, మిగతా జవాబులూ చెడతాయి. "మీ ప్రాంతంలో విలేకరులకు పత్రిక ఇచ్చేది చాలనప్పుడు ఏం చేస్తారు?" అంటే చాలు, ఎంతవరకు చెప్పాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

ప్రశ్నావళిని నేరుగా తెలుగులో రాయండి. ఇంగ్లీషు కొలమానం తీసుకుంటే ఒకరు తెలుగు చేయాలి, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషు చేయాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. "ఉద్యోగ సంతృప్తి మధ్యస్థంగా ఉందని అంగీకరిస్తాను" లాంటి వాక్యాలు ఎవరికీ అర్థం కావు. మీ 235లో లేని 20 మంది మీద ముందుగా ప్రయోగించి చూడండి. 40 నిమిషాలు దాటితే కోయండి.

6. అనుమతి, గోప్యత

యూనివర్సిటీ నైతిక సంఘం ఆమోదం మొదటి ఫోన్ కాల్‌కు ముందే రావాలి. సమ్మతి పత్రం ఒక్క పేజీ, పెద్ద అక్షరాల తెలుగులో: ఎవరు చేస్తున్నారు, ఎందుకు, రికార్డింగ్ ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు, మధ్యలో మానుకునే హక్కు.

పేరు తీసేస్తే గోప్యత వచ్చేసినట్టు కాదు. మండలం పేరు, పత్రిక పేరు రెండూ రాస్తే ఆ మనిషి ఎవరో జిల్లా అంతటికీ తెలుస్తుంది, ఎందుకంటే ఒక పత్రికకు ఒక మండలంలో ఉండేది సాధారణంగా ఒక్కరే. థీసిస్‌లో "గోదావరి ఒడ్డు మండలం, పెద్ద పత్రిక, చేరింది 2010–12 మధ్య" స్థాయికే ఆగండి. మహిళా విలేకరుల విషయంలో ఇంకా జాగ్రత్త. జిల్లాలో వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, కాబట్టి ఏ రెండు వివరాలూ ఒకేచోట ఇవ్వకండి.

అసలు పేర్లకూ కోడ్ నంబర్లకూ లంకె ఉన్న షీట్‌ను డేటాతో పాటు ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టకూడదు. మెయిల్‌లో గైడ్‌కు కూడా పంపకండి.

7. ఫోన్ చేయడం, కలవడం

మండల విలేకరికి ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు మధ్య ఫోన్ చేయండి. సాయంత్రం వార్తలు పంపే హడావిడి. డెస్క్‌వాళ్లు అర్ధరాత్రి దాటాక ఇంటికెళ్తారు, మధ్యాహ్నం పన్నెండుకు ముందు లేపితే ఇంటర్వ్యూ పోయినట్టే. ఎన్నికల కాలం, ఆగస్టు మొదటి రెండు వారాలు, జనవరి చివరి పక్షం వదిలేయండి.

మొదటి మాట తెలంగాణలో ఇలా ఉంటే చాలు: "నమస్తే అన్నా, యూనివర్సిటీల జర్నలిజం రీసెర్చ్ చేస్తున్నా. 2012ల మీరు ఈ మండలం చూసేటోళ్లని తెలిసింది. ఒక గంట టైమ్ ఇస్తరా?" కోస్తాలో "సార్", "మేడమ్" నడుస్తాయి. "సర్వే" అన్న మాట వాడకండి. ఏ పార్టీ తరఫునో అనుకుంటారు.

సర్వే అయ్యాక లోతైన ముఖాముఖికి 24 మందిని ఎంచుకోండి: ఇంకా కంట్రిబ్యూటర్‌గానే ఉన్నవాళ్లు 8, స్టాఫ్ అయినవాళ్లు 8, మానేసినవాళ్లు 8. ప్రెస్ క్లబ్బులో, టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టకండి. పక్కన ఇంకో విలేకరి ఉంటే ఆదాయం రెట్టింపవుతుంది, ఇబ్బందులు సగమవుతాయి.

క్యాలెండర్ ఎదురుగా పెట్టి, గీత మారిన ప్రతిచోటా మూడే అడగండి: అప్పుడు ఏం జరిగింది? ఎవరు చెప్పారు? ఇంట్లో ఏమన్నారు? "ఎందుకు మానేశారు?" అని అడిగితే తయారుగా ఉన్న జవాబొకటి వస్తుంది. "చివరి వార్త ఏది పంపారు?" అంటే అసలు సంగతి బయటికొస్తుంది.

8. డేటాను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు

- ఒక గంట మాట తెలుగులో టైపు చేయడానికి ఐదారు గంటలు పడుతుంది. 24 ముఖాముఖులు గంటంపావు చొప్పున 30 గంటలు, అంటే 150 నుంచి 180 గంటల టైపింగ్. కాలపట్టికలో ఇది రాసుకోనివాళ్లే చివర్లో సారాంశాలతో సరిపెడతారు.
- అంతా యూనికోడ్‌లోనే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించుకొస్తే వెతకడం కుదరదు, విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో చెత్త అక్షరాలు కనబడతాయి. టైపిస్టుకు ఇచ్చేముందే చెప్పండి, మార్చుకున్నాక ఒత్తులు సరిచూడండి.
- ఎక్సెల్‌లో సీఎస్‌వీగా దాచేటప్పుడు యూటీఎఫ్-8 రకం ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీలో తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.
- యాసను సరిదిద్దకండి. "రాసుడు బంద్ వెట్టిన" అన్నది "రాయడం మానేశాను" అయిపోతే మాటలోని బరువు పోతుంది.

9. విశ్లేషణ

స్టాఫ్ కావడానికి ఎన్నేళ్లు పట్టిందో సగటు కట్టేటప్పుడు అయినవాళ్లను మాత్రమే తీసుకుంటే లెక్క తప్పు. ఐదేళ్లకు అయినవాళ్లు పదిమంది, పదిహేనేళ్లయినా కానివాళ్లు ఎనభైమంది ఉన్నచోట "సగటు ఐదేళ్లు" అనడం అబద్ధంతో సమానం. ఇంకా కానివాళ్లనూ లెక్కలో ఉంచే పద్ధతి కప్లాన్–మేయర్ రేఖ. ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో "సర్వైవల్" ప్యాకేజీతో గీయవచ్చు. క్యాలెండర్ వరుసలను ఒకదానితో ఒకటి పోల్చి గుంపులు చేయడానికి అందులోనే "ట్రామైనర్" ఉంది.

మానేసినవాళ్ల రేఖ, స్టాఫ్ అయినవాళ్ల రేఖ కులం, విద్య, సొంత భూమి, ఏజెన్సీ ఉండటం లేకపోవడం ప్రకారం విడదీసి చూడండి. ఏజెన్సీ ఉందా అన్న ప్రశ్న చాలామంది అడగరు. విలేకరి పత్రికను వదలకపోవడానికి ఒక్కోసారి కారణం వార్తలు కావు, ఏజెన్సీ కోసం పత్రికకు కట్టిన డిపాజిట్.

10. ప్రకటనల రంగం మీద చేస్తుంటే

అక్కడ హోదాల పేర్లు యాడ్ ఏజెన్సీకో రకం. కాపీ రైటర్, విజువలైజర్, అకౌంట్ ఎగ్జిక్యూటివ్ లాంటి పేర్లతో పాటు క్లయింటు ఎవరు, ఎన్నాళ్లన్నది క్యాలెండర్‌లో రాయండి, ఎందుకంటే క్లయింటు పోతే ఉద్యోగమూ పోవచ్చు. ఫ్రీలాన్స్ కాలానికి విడి కోడ్ పెట్టండి. అక్రిడిటేషన్ లాంటి జాబితా ఉండదు కాబట్టి ఒకరి ద్వారా మరొకరిని చేరే పద్ధతే దిక్కు. అయితే నలుగురైదుగురు వేర్వేరు మనుషుల దగ్గర మొదలుపెట్టండి, ఒక్కొక్కరి నుంచి ముగ్గురికి మించి పేర్లు తీసుకోకండి. లేదంటే ఒకే ఏజెన్సీ పాత మిత్రమండలి మీ నమూనా అవుతుంది. ఇలాంటి నమూనాతో శాతాలు ప్రకటించకూడదు.

11. సమర్పించేముందు

- యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటకూడదు. 10–40 మధ్య ఉంటే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. మూలం చెప్పిన ఉల్లేఖనాలు, పద్నాలుగు పదాల వరకు వరుసగా కలిసే మామూలు మాటలు లెక్కలోకి రావు. పరీక్షించే ముందు ఈ మినహాయింపులు పెట్టారో లేదో లైబ్రరీలో అడగండి.
- ప్రశ్నావళి, ఖాళీ క్యాలెండర్, సమ్మతి పత్రం తెలుగు ప్రతులు అనుబంధంలో ఉండాలి. ఇంగ్లీషు థీసిస్ అయినా సరే.
- ప్రతి పట్టిక కింద ఎంతమంది జవాబు అన్న సంఖ్య ఉందా? ఆదాయం ప్రశ్నకు జవాబివ్వనివాళ్లు ఎక్కువ, ఆ సంఖ్య 235 కాదు.
- ఉల్లేఖనాలన్నీ ఒకేచోట ప్రింటు తీసి, మీ మొదటి ప్రయోగంలో పాల్గొన్న విలేకరి ఒకరికి చూపండి. ఏ మాటకైనా "ఇది ఫలానా ఆయనే" అని పేరు చెప్పేస్తే, అక్కడ వివరం ఇంకా తగ్గించాలి. థీసిస్ శోధ్‌గంగలోకి ఎక్కాక తీయించడం మీ చేతిలో ఉండదు.